డాట్సన్ 240జెడ్ వెనుక సస్పెన్షన్‌ను విప్పి మళ్లీ కూర్చడం: స్పిండిల్ పిన్ను నుంచి బుష్‌ల దాకా సమగ్ర మార్గదర్శి

జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతోను, ఎగుమతి దేశాల్లో డాట్సన్ 240జెడ్ పేరుతోను 1969 చివర్లో వెలుగు చూసిన ఎస్30 తరం కార్లలో ఇప్పటికీ తిరుగుతున్నవి యాభై ఏళ్ల వయసుకు చేరువలోనో, దాన్ని దాటిపోయో ఉన్నాయి. ఈ తరం 260జెడ్, 280జెడ్ రూపాల్లో 1978 దాకా కొనసాగినా, వెనుక సస్పెన్షన్ మూల నిర్మాణం మారలేదు. 1971లోను, 1973లోను తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని గెలిచినవి ఇదే అమరిక ఉన్న 240జెడ్ కార్లు. 1973లో ఆ కారు నడిపిన షేఖర్ మెహతా దాటిన దారులను తలచుకుంటే, ఈ నిర్మాణాన్ని బలహీనమైనదని ఎవరూ అనలేరు. ఇందులో పాడయ్యేది ఇనుము కాదు, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉన్న రబ్బరు. ఆ రబ్బరును మార్చడానికి అడ్డుపడేది తుప్పు.

ఈ పనిలో పట్టే సమయంలో సగానికి సగం ఒకే ఒక్క ఉక్కు కడ్డీ దగ్గర గడుస్తుంది. దాని పేరు స్పిండిల్ పిన్ను. మిగిలినదంతా నట్లు విప్పడం, శుభ్రం చేయడం, తిరిగి బిగించడం మాత్రమే. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ పిన్నుకే కేటాయించాను. తక్కిన భాగాలను అవసరమైనంత మేరకే వివరించాను.

అమరిక ఎలా ఉంటుందంటే

ప్రతి వెనుక చక్రానికీ ఒక నిలువు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే గొట్టం), అడుగున ఒక వెడల్పాటి చేయి ఉంటాయి. స్ట్రట్ గొట్టం కింది భాగంలో పోత పోసిన దిమ్మె ఉంటుంది. చక్రపు బేరింగులు, స్టబ్ యాక్సిల్ (చక్రాన్ని మోసే పొట్టి ఇరుసు), బ్రేకు పళ్లెం అన్నీ ఆ దిమ్మెలోనే అమరి ఉంటాయి. స్ట్రట్ పైకొన బాడీలోని గూటిలోకి వెళ్లి మూడు నట్లతో బిగుసుకుంటుంది. అడుగు చేయికి లోపలివైపు రెండు కొనలు, బయటివైపు రెండు కళ్లు ఉంటాయి. లోపలి కొనలు బుష్‌ల (రెండు లోహపు గొట్టాల మధ్య రబ్బరు ఉండే భాగాల) ద్వారా కారు మధ్యభాగంలోని బ్రాకెట్లకు పట్టి ఉంటాయి. బయటి రెండు కళ్ల మధ్యలో స్ట్రట్ దిమ్మె కూర్చుంటుంది. ముందు నుంచి వెనక్కి ఒక పొడవైన పిన్ను మొదటి కన్ను, దిమ్మె, రెండో కన్ను గుండా దూరి, రెండు చివరలా నట్లతో బిగుస్తుంది. అదే స్పిండిల్ పిన్ను. అది తిరగకుండా, జరగకుండా ఉండడానికి దిమ్మె మధ్యలో అడ్డంగా ఒక చిన్న లాక్ బోల్టు దిగుతుంది. ఆ బోల్టుకు ఒకవైపు ఏటవాలుగా చెక్కిన చదును ఉంటుంది. పిన్ను నడుమ ఉన్న గాడిలో ఆ చదును చీలలా బిగుసుకుంటుంది.

ఈ కారు వెనుక చక్రాలకు క్యాంబర్‌ను (చక్రం నిలువులో పక్కకు వాలే కోణాన్ని) గాని, టో కోణాన్ని (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండడాన్ని) గాని సరిచేసుకునే ఏర్పాటు కర్మాగారం ఇవ్వలేదు. చక్రం ఏ కోణంలో నిలబడాలన్నది చేయి కొలతలు, బుష్‌ల స్థితి మాత్రమే నిర్ణయిస్తాయి. ముందు చక్రాల విషయంలో బుష్ కాస్త అరిగినా అలైన్‌మెంట్‌తో కొంత సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. వెనుక బుష్‌లను మార్చడం ఈ కారులో సుఖం కోసం చేసే పని కాదని, కారు తిన్నగా వెళ్లడానికి చేసే పని అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ముందుగా ఏది పాడైందో తేల్చుకోవడం

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు వెనుక నుంచి 'టక్' అని శబ్దం వస్తే చాలామంది నేరుగా చేయి బుష్‌లను అనుమానిస్తారు. అదే శబ్దం హాఫ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి శక్తిని చేర్చే కడ్డీ) యూనివర్సల్ జాయింట్లు అరిగినా వస్తుంది, డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ముందు రబ్బరు చిరిగినా వస్తుంది, డిఫరెన్షియల్ వెనుక మీసం ఆకారంలో ఉండే పట్టీ బుష్‌లు పోయినా వస్తుంది. కాబట్టి విప్పకముందే కారును వెనుకవైపు ఎత్తి, గట్టి స్టాండుల మీద నిలిపి, ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాలి.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆట (వదులు కదలిక) కనిపిస్తే, పక్కనున్న వారిని కింద నుంచి చూడమనాలి. చేయికీ దిమ్మెకూ మధ్య కదలిక ఉంటే బయటి బుష్‌లు. చేయి లోపలి కొన దగ్గర కదలిక ఉంటే లోపలి బుష్‌లు. రెండూ నిశ్చలంగా ఉండి చక్రం మాత్రమే కదిలితే బేరింగులు. హాఫ్ షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే యూనివర్సల్ జాయింట్ల ఆట తెలిసిపోతుంది. డిఫరెన్షియల్ ముక్కు కింద కర్రదిమ్మ పెట్టి జాకీతో కొద్దిగా పైకి నెట్టినప్పుడు, రబ్బరు నుంచి లోహం విడిపోయి పైకి లేస్తే ఆ మౌంటు చిరిగిపోయినట్టే.

ఇంకో పరీక్ష బుష్‌లకంటే ముఖ్యమైనది. అది తుప్పు. చేయి బ్రాకెట్లు బాడీకి కలిసే చోట్లు, స్ట్రట్ గూళ్లు, వాటి కింది పెట్టె కడ్డీలు, వీటన్నిటినీ మొన ఉన్న పనిముట్టుతో పొడిచి చూడాలి. లోహం పొరలు పొరలుగా రాలితే బుష్‌ల పని ఆపి, ముందు వెల్డింగ్ పని చేయించాలి. కుళ్లిన బాడీకి కొత్త బుష్‌లు బిగిస్తే, ఆ బిగువంతా కుళ్లిన చోటే భరించాల్సి వస్తుంది.

విడిభాగాలు తెప్పించేటప్పుడు కారు తయారైన నెల, సంవత్సరం చూసి తెప్పించాలి. 1971లో డిఫరెన్షియల్‌ను కొంత వెనక్కి జరిపారు. ఆ మార్పుకు ముందువీ తరువాతవీ మీసపు పట్టీలు ఒకటి కావు.

సిద్ధం చేసుకోవాల్సినవి

సాధారణ పానాల సెట్టు, టార్క్ రెంచ్ (బిగువును కొలిచే పానా), బ్రేకు గొట్టాల నట్లకు సరిపోయే ప్రత్యేక పానా, స్ప్రింగు కంప్రెసర్లు, పైపు రెంచ్, ఇత్తడి సుత్తి, హ్యాక్సా, ఉప్పుకాగితం ఉండాలి. 20 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ సొంతంగా లేకపోతే అది ఉన్న వర్క్‌షాపుతో ముందే మాట్లాడుకోవాలి. స్పిండిల్ పిన్నును లాగడానికి ప్రత్యేకంగా తయారుచేసిన పుల్లర్లు కూడా దొరుకుతాయి. పిన్ను చివరి మరలకు పట్టి, ఒక గొట్టంలోంచి నట్టు తిప్పుతూ పిన్నును బయటికి లాగే పద్ధతి అది. మధ్యస్థంగా తుప్పు పట్టిన పిన్నులకు ఇది చక్కగా పనిచేస్తుంది. ఎలాగూ పాతవి మళ్లీ వాడకూడదు కాబట్టి కొత్త పిన్నులు, లాక్ బోల్టులు, నట్లు, వాషర్లు చేతిలో ఉంచుకునే పని మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది తుప్పు వదిలించే నూనె చల్లడం. పని మొదలుపెట్టే రోజుకు కనీసం వారం ముందు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లాక్ బోల్టు రెండు చివరల్లో, పిన్ను రెండు చివరల్లో, చేయి కళ్లకూ దిమ్మెకూ మధ్య సందులో ఆ నూనె పోయాలి. అసిటోన్‌నూ ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనెనూ సమపాళ్లలో కలిపి వాడేవారు చాలామంది ఉన్నారు. అది బాగా పాకుతుంది గాని అంతే వేగంగా అంటుకుంటుంది. కాబట్టి తరువాత మంటతో వేడిచేసే ఉద్దేశం ఉన్నవారు దాన్ని పూర్తిగా ఆరనిచ్చి, తుడిచి, అప్పుడే నిప్పు దగ్గరికి తేవాలి.

మొత్తం ఒకే ముక్కగా దించడం

కారు కింద పడుకుని అక్కడికక్కడే పిన్ను తీయాలని ప్రయత్నించవద్దు. స్ట్రట్, చేయి, బ్రేకు డ్రమ్ము అన్నీ కలిపి ఒకే ముక్కగా దించి బల్ల మీదికి తెచ్చుకోవడమే మంచిది. పిన్ను మొండికేస్తే ఎలాగూ ప్రెస్ దగ్గరికి తీసుకెళ్లాలి.

చక్రం నట్లను నేల మీద ఉండగానే వదులు చేసి, తరువాత కారును ఎత్తి స్టాండుల మీద నిలపాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాలి. ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు మీద ఆధారపడలేము, ఎందుకంటే కాసేపట్లో దాని తీగనే ఊడదీయబోతున్నాము. హ్యాండ్‌బ్రేకు తీగను బ్రేకు వెనుక ఉన్న మీట నుంచి విడదీసి పక్కకు కట్టాలి. బ్రేకు గొట్టాన్ని బాడీ దగ్గర విప్పి, రెండు కొనలకూ మూతలు పెట్టాలి. కారిన బ్రేకు ద్రవం రంగును తినేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి.

హాఫ్ షాఫ్ట్ బయటి కొన నాలుగు బోల్టులతో స్టబ్ యాక్సిల్ ఫ్లాంజికి పట్టి ఉంటుంది. విప్పే ముందు రెండు ఫ్లాంజిల మీద ఒకే వరుసలో ఉలితో చిన్న గుర్తు కొట్టుకుంటే తిరిగి అదే స్థానంలో కలుపుకోవచ్చు. విప్పిన షాఫ్ట్‌ను వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాలి. యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) ఉన్న కార్లలో దాని లింకులను కూడా విప్పాలి.

లోపలి కొనల దగ్గర జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటి ఉంది. అడుగు చేతుల ముందువైపు లోపలి కొనలను పట్టి ఉంచే అడ్డ దూలమే డిఫరెన్షియల్ ముక్కును కూడా మోస్తుంది. దాన్ని దించితే డిఫరెన్షియల్ ముందుభాగానికి ఆధారం పోతుంది. కాబట్టి డిఫరెన్షియల్ కింద చెక్క పెట్టిన జాకీని నిలిపి, బరువు దాని మీదికి వచ్చాకనే ఆ దూలం బోల్టులు తీయాలి. డిఫరెన్షియల్ ముక్కు పైనుంచి వెళ్లే పట్టీ ఉంటే దాని స్థితినీ అప్పుడే చూడాలి. వెనుక లోపలి కొనల బ్రాకెట్లు దీనికంటే సులువుగా వస్తాయి. ఏ బ్రాకెట్టు ఎటువైపుదో, ఏ వాషరు ఏ బోల్టుదో రంగుతో గుర్తు పెట్టి, ఎడమవీ కుడివీ వేర్వేరు డబ్బాల్లో వేసుకోవాలి.

చివరగా సామాన్ల అరలో ప్లాస్టిక్ పలకలు తీసి, స్ట్రట్ గూటి పైనున్న మూడు నట్లు విప్పాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు జోలికి ఈ దశలో అసలు పోకూడదు. బిగించి ఉన్న స్ప్రింగు శక్తినంతా పట్టి ఉంచుతున్నది ఆ నట్టు ఒక్కటే. అది ఊడితే ప్రాణాపాయం. మూడు నట్లలో చివరిదాన్ని తీసేటప్పుడు కింద ఒకరు స్ట్రట్ బరువును పట్టుకుని ఉండాలి.

స్పిండిల్ పిన్ను

బల్ల మీదికి వచ్చాక మొదట లాక్ బోల్టు. దాని నట్టును పూర్తిగా తీసేయకుండా, నట్టు పైఅంచు బోల్టు కొనతో సమానమయ్యేదాకా మాత్రమే వదులు చేసి, ఇత్తడి సుత్తితో దాని మీద తట్టాలి. అలా చేస్తే దెబ్బ నట్టూ మరలూ కలిసి భరిస్తాయి. బోల్టు కొన వెడల్పు కాదు. చీల పట్టు వదిలిన వెంటనే చేతికి తెలుస్తుంది. ఆపై నట్టు తీసేసి, సన్నని కడ్డీతో నెట్టి బోల్టును పూర్తిగా బయటికి తీయాలి. లాక్ బోల్టు సగమే వచ్చి ఉండగా పిన్నును ప్రెస్‌లో పెట్టడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. అలా నొక్కితే పిన్ను కదలదు, దిమ్మె పగులుతుంది.

తరువాత పిన్ను రెండు చివరల నట్లు తీసి, ముందువైపు ఏ చివర ఉందో గుర్తు పెట్టాలి. పిన్ను నడుమ గాడి నుంచి రెండు చివరలకూ ఎంతెంత పొడవుందో కొత్త పిన్ను మీద కొలిచి రాసుకుంటే, తిరిగి పెట్టేటప్పుడు తికమక ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. పిన్ను మూడు చోట్ల పట్టుకుని ఉండవచ్చు: ముందు బుష్ లోపలి గొట్టంలో, దిమ్మెలో, వెనుక బుష్ లోపలి గొట్టంలో. నీరు ఈ సందుల్లోకి దిగి, ఎండి, మళ్లీ దిగి, కొన్ని దశాబ్దాల పాటు తుప్పును పెంచుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పిన్ను తన రంధ్రంలో తానే నొక్కుకుపోతుంది. మొదట నేను ఎడమవైపు పిన్ను మీద సమ్మెటతో కొట్టాను. నాలుగో దెబ్బకు దాని కొన పుట్టగొడుగులా విచ్చుకుంది. విచ్చుకున్న కొన ఇక బుష్ గొట్టంలో పట్టదు, పుల్లర్‌కు మరలు లేవు. చివరికి దాన్ని కోయడం తప్ప మార్గం మిగలలేదు. కుడివైపు దానికి పది రోజులు నూనె పెట్టి, ప్రెస్ కింద ఉంచి, ఒత్తిడి ఎక్కించి, ఆపి, కాసేపు వదిలేశాను. మూడోసారి ఒత్తిడి పెంచుతుండగా తుపాకీ పేలినంత శబ్దంతో పిన్ను రవ్వంత జరిగింది. దిమ్మె అంచున కొత్తగా బయటపడిన మెరుపు గీత గోరంత కూడా లేదు. ఆ గీత కనబడ్డాక మిగిలిన పని పది నిమిషాల్లో పూర్తయింది.

కాబట్టి పాటించాల్సిన క్రమం ఇది. మొదట పుల్లర్ వేసి, మితమైన బలంతో బిగించి, ఆ బిగువులోనే ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు దిమ్మె పక్కన ఇత్తడి సుత్తితో తడుతూ ఇంకాస్త బిగించాలి. అప్పటికీ కదలకపోతే, మరలు తెగేదాకా లాగకుండా ఆగి, పిన్నును కోయాలి. దిమ్మెకూ చేయి కంటికీ మధ్య ఉన్న సన్నని సందులో రెండు వైపులా రంపపు బ్లేడు దించి కోస్తే చేయి విడిపోతుంది. బుష్‌లు ఎలాగూ పారేసేవే గనుక వాటికి బ్లేడు తగిలినా చింతించనక్కరలేదు; దిమ్మె ముఖానికీ చేయి కంటికీ మాత్రం గీత పడకూడదు. ఇలా కోయడం ఓటమి కాదు. ఆట్టే పోరాడకుండా మొదటి రోజే కోసేసేవారి నిర్ణయాన్ని కూడా నేను గౌరవిస్తాను, ఎందుకంటే ఒక్కసారి చేయి విడిపోతే పోరాటం మూడు చోట్ల నుంచి ఒక్క చోటికి తగ్గుతుంది.

మిగిలిన ముక్క దిమ్మెలో ఉంటుంది. దిమ్మెను ప్రెస్ పలకల మీద చదునుగా, పిన్నుకు సరిగ్గా నిలువుగా కూర్చోబెట్టాలి. స్ట్రట్ గొట్టం పొడవు వల్ల మొత్తం ముక్క ఒకవైపు వాలుతుంది కాబట్టి ఆ కొనకు కింద ఆధారం పెట్టాలి. పిన్నుకంటే కొంచెం సన్నని గట్టి ఉక్కు కడ్డీని పైన నిలిపి నొక్కాలి. ముఖానికి పూర్తి కవచం వేసుకుని, ప్రెస్‌కు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. గట్టి ఉక్కు ముక్కలై ఎగిరే అవకాశం నిజంగానే ఉంది.

వేడి చేయాల్సి వస్తే మరో జాగ్రత్త ఉంది. స్ట్రట్‌లో నూనె ఉంటుంది, మూసిన గొట్టంలోని నూనె వేడికి పొంగి గొట్టం పేలవచ్చు. అందుకే కింద చెప్పబోయే విధంగా స్ప్రింగు, షాక్ భాగాలు, నూనె అన్నీ తీసేశాకనే మంట దగ్గరికి తేవాలి. బేరింగుల గ్రీజు, సీళ్లు కూడా ఆ వేడికి పాడవుతాయి కాబట్టి బేరింగులు మార్చే ఉద్దేశం ఉన్నప్పుడే ఈ మార్గం ఎంచుకోవాలి. ఇదంతా చేసినా కదలని పిన్నును యంత్రశాలలో మధ్యగా రంధ్రం వేయించి తీయించాలి తప్ప, చేతి డ్రిల్లుతో ప్రయత్నించకూడదు. రంధ్రం వంకర పోతే దిమ్మె పోయినట్టే.

పిన్ను వచ్చాక దిమ్మె రంధ్రాన్ని కడ్డీకి చుట్టిన ఉప్పుకాగితంతో తుప్పు వదిలేదాకా మాత్రమే రుద్దాలి. కొత్త పిన్ను చేత్తో నెడితే జారి, వదులుగా ఆడకుండా ఉండాలి. లాక్ బోల్టు రంధ్రాన్ని కూడా అలాగే శుభ్రం చేయాలి.

పాత బుష్‌లు తీయడం, కొత్తవి ఎంచుకోవడం

పాత రబ్బరును మంటతో కాల్చి తీసే అలవాటు చాలా వర్క్‌షాపుల్లో ఉంది. ఆ పొగ విషపూరితం. చేయి రంగూ పోతుంది. రబ్బరు చుట్టూ డ్రిల్లుతో వరుసగా రంధ్రాలు వేసి, లోపలి గొట్టాన్ని బయటికి నెట్టడం మేలు. మిగిలిన బయటి లోహపు కవచంలోకి హ్యాక్సా బ్లేడు దూర్చి నిలువుగా ఒక్క గాటు పెడితే, దాని బిగువు వదిలి ఉలి తట్టుకు లోపలికి ముడుచుకుంటుంది. అయితే రంపం పట్టే ముందు కొత్త బుష్‌ల పెట్టెలోని సూచనలు చదవాలి. కొన్ని పాలియూరెథేన్ (రబ్బరుకంటే గట్టి ప్లాస్టిక్) సెట్లు పాత బయటి కవచాన్ని అలాగే ఉంచి వాడుకునేలా తయారవుతాయి. దాన్ని కోసి పారేశాక ఆ సంగతి తెలిస్తే పని ఆగిపోతుంది.

రబ్బరా, పాలియూరెథేనా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం స్పష్టం. రోడ్డు మీద తిరిగే కారుకు రబ్బరు దొరికితే రబ్బరే వేయాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టానికీ బయటి కవచానికీ అతుక్కుని ఉంటుంది. చేయి కదిలినప్పుడు రబ్బరు మెలితిరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఏదీ రాసుకోదు, శబ్దం ఉండదు, గ్రీజు అక్కరలేదు. పాలియూరెథేన్ అలా కాదు. అందులో గొట్టం జారుతూ తిరుగుతుంది. చక్రం కోణాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది, పోటీ పరుగులకు అది మేలు. గ్రీజు ఆరిపోతే మాత్రం కీచుమంటుంది. అది వేసేవారు సెట్టుతో వచ్చే సిలికోన్ గ్రీజును పొదుపు చేయకుండా జారే ముఖాలన్నిటికీ పట్టించాలి.

కొత్త బుష్‌ను ప్రెస్‌తో దించేటప్పుడు బయటి కవచం అంచు మీదనే బలం పడేలా సరైన కొలత గొట్టం పెట్టాలి. లోపలి గొట్టం మీద నొక్కితే రబ్బరు అక్కడే తెగుతుంది. చేయి కన్ను ముడుచుకోకుండా కింద కూడా తగిన గొట్టం ఆనించాలి. రెండు కళ్ల మధ్య దూరం బుష్ దించకముందూ దించాకా కొలిచి చూస్తే, చేయి వంగిందో లేదో తేలిపోతుంది.

స్ట్రట్, స్ప్రింగు, షాక్ ఇన్సర్ట్

స్ప్రింగుకు ఎదురెదురుగా రెండు కంప్రెసర్లు వేసి, ఒక్కోవైపు రెండు మూడు తిప్పుల చొప్పున సమంగా బిగించాలి. పై పళ్లెం వదులై చేత్తో తిరిగినప్పుడు మాత్రమే మధ్య నట్టు తీయాలి. ఎడమ స్ప్రింగు, కుడి స్ప్రింగు కలిసిపోకుండా చీటీ కట్టాలి.

స్ట్రట్ గొట్టాన్ని వైస్‌లో నేరుగా బిగిస్తే నొక్కుకుపోతుంది. దిమ్మె భాగాన్ని పట్టించాలి. గొట్టం నోటి దగ్గరున్న పెద్ద నట్టు మీది మట్టిని తీగ బ్రష్‌తో తీసి, పైపు రెంచ్‌తో విప్పాలి. కర్మాగారంలో బిగించిన మూల షాకులు ఇంకా ఉంటే కడ్డీ, పిస్టన్, నూనె విడివిడిగా బయటికి వస్తాయి. గొట్టం లోపల బాగా కడిగి, ఆరబెట్టి, కొత్త ఇన్సర్ట్ (గొట్టంలో దించే, మూసి ఉన్న షాక్) దించాలి. ఇన్సర్ట్‌కూ గొట్టానికీ మధ్య ఖాళీలో కొద్దిగా నూనె పోస్తే వేడి గొట్టానికి చేరి ఇన్సర్ట్ చల్లబడుతుంది. అంచు దాకా నింపకూడదు, వేడికి నూనె వ్యాకోచించడానికి చోటు ఉండాలి. నట్టు బిగించాక ఇన్సర్ట్ గొట్టంలో పైకీ కిందికీ ఆడకూడదు. ఆడితే కింద తగిన మందం స్పేసరు వేయాలి.

బేరింగులు చేత్తో తిప్పినప్పుడు గరగరలాడకుండా, ఆట లేకుండా ఉంటే వాటిని కదిలించవద్దని నా సలహా. మార్చాల్సి వస్తే స్టబ్ యాక్సిల్ నట్టుకు కర్మాగారం చెప్పిన బిగువు 25 నుంచి 33 కిలోగ్రామ్ మీటర్లు, అంటే దాదాపు 245 నుంచి 324 న్యూటన్ మీటర్లు. ఆ నట్టు అంచును గాడిలోకి కొట్టి లాక్ చేస్తారు కాబట్టి ప్రతిసారీ కొత్త నట్టే వాడాలి.

అడుగు చేతులు కారు నుంచి ఊడి ఉన్నప్పుడే డిఫరెన్షియల్ ముందు మౌంటును, మీసపు పట్టీ బుష్‌లను మార్చేయడం తెలివైన పని. వాటి దగ్గరికి ఇంత సులువుగా చేరుకునే అవకాశం మళ్లీ రాదు.

తిరిగి కూర్చడం

దిమ్మె రంధ్రంలోను, పిన్ను ఒంటి మీద, బుష్ గొట్టాల లోపల, లాక్ బోల్టు మీద పట్టేయకుండా కాపాడే రాగి లేదా నికెల్ పేస్టును పలుచగా పట్టించాలి. ఈసారి తుప్పు పట్టకుండా ఆపేది ఇదే. చేయి కళ్ల మధ్య దిమ్మెను నిలిపి, వాషర్లు వాటి స్థానాల్లో పెట్టి, పిన్నును ముందు గుర్తించుకున్న దిశలో దూర్చాలి. దాన్ని మెల్లగా తిప్పుతూ లాక్ బోల్టు రంధ్రంలోకి చూస్తే గాడి కనిపిస్తుంది. గాడి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు లాక్ బోల్టు వేళ్లతోనే చాలావరకు దిగుతుంది. దిగకపోతే సుత్తి పట్టుకోకుండా పిన్నును మళ్లీ రవ్వంత తిప్పాలి. లాక్ బోల్టు సన్నని మరలున్నది, దానికి పెద్ద బిగువు అవసరం లేదు. పట్టు చీలదే, నట్టుది కాదు. పిన్ను చివరి నట్లను ఇప్పుడు వేలితో బిగించి వదిలేయాలి.

తరువాత మొత్తం ముక్కను కారు కిందికి తెచ్చి, స్ట్రట్ పైకొనను గూటిలోకి ఎక్కించి మూడు నట్లు వేయాలి. లోపలి కొనలు, అడ్డ దూలం, బ్రాకెట్లు, హాఫ్ షాఫ్ట్, హ్యాండ్‌బ్రేకు తీగ, బ్రేకు గొట్టం, విప్పిన దానికి ఎదురు వరుసలో కలపాలి. దూలాన్ని, బ్రాకెట్లను బాడీకి పట్టించే బోల్టులను, హాఫ్ షాఫ్ట్ బోల్టులను ఆ ఏడాది కారు సర్వీసు పుస్తకంలోని బిగువుకు బిగించవచ్చు. బుష్‌ల గుండా వెళ్లే నట్లను, బోల్టులను మాత్రం ఇప్పుడు బిగించకూడదు.

కారణం రబ్బరు బుష్ స్వభావంలోనే ఉంది. నట్టు బిగించిన క్షణంలో చేయి ఏ కోణంలో ఉందో, అదే ఆ రబ్బరుకు విశ్రాంతి స్థానమవుతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారును నేలకు దించగానే రబ్బరంతా ఒకవైపు మెలితిరుగుతుంది, కారు ఆగి ఉన్నంతసేపూ అదే మెలికలో ఉంటుంది. ప్రతి గుంతకూ అక్కడి నుంచి ఇంకా మెలితిరగాలి. కొత్త బుష్‌లు త్వరగా చిరగడానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. కారు వెనుకభాగం ఉండాల్సినదానికంటే ఎత్తుగా నిలబడటానికీ ఇది కారణం కావచ్చు.

అందుకే చక్రాలు బిగించి, కారును ర్యాంపుల మీదనో, టైర్ల కింద పెట్టిన బలమైన చెక్కదిమ్మెల మీదనో దించాలి. జాకీ నుంచి దించిన వెంటనే టైర్లు లోపలికి ముడుచుకుని, కారు కొంత పైకి లేచినట్టు నిలబడుతుంది. టైరుకూ నేలకూ మధ్య పట్టు దాన్ని అక్కడే ఆపేస్తుంది. కాబట్టి సమతలం మీద ముందుకూ వెనక్కీ కొన్ని అడుగులు నెట్టి, వెనుక బంపరును పలుమార్లు నొక్కి వదలాలి. నడిపేవారి బరువుకు తగ్గ బరువు సీట్లో పెట్టాలి. అప్పుడు స్పిండిల్ పిన్ను నట్లను, లోపలి బుష్ బోల్టులను టార్క్ రెంచ్‌తో బిగించాలి. పాలియూరెథేన్ బుష్‌లలో గొట్టం స్వేచ్ఛగా తిరుగుతుంది గనుక ఈ నియమం అంత కీలకం కాదు. అయినా ఇదే పద్ధతిలో బిగిస్తే నష్టం లేదు.

బ్రేకులు, మొదటి ప్రయాణం

బ్రేకు గొట్టాలు విప్పాము కాబట్టి గాలి పూర్తిగా పోయేదాకా రెండు వెనుక చక్రాలనూ బ్లీడ్ చేయాలి. పెడల్ గట్టిగా నిలబడి, నిమిషం పాటు నొక్కి ఉంచినా కిందికి దిగకపోతేనే కారు కదలాలి. హ్యాండ్‌బ్రేకు తీగను సరిచేసి, రెండు చక్రాలూ సమంగా పట్టుకుంటున్నాయో చూడాలి.

మొదట మెల్లగా, ఖాళీ దారిలో నడిపి, యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ వెనుక శబ్దాలు వినాలి. తిరిగి వచ్చాక డ్రమ్ములను చేత్తో తాకకుండా దగ్గర చేయి పెట్టి వేడి పోల్చాలి. ఒకటి మరీ వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉందని అర్థం. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక స్పిండిల్ పిన్ను నట్లు, లాక్ బోల్టు నట్టు, హాఫ్ షాఫ్ట్ బోల్టులు, స్ట్రట్ పై నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడాలి. ఆ తరువాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కొలిపించాలి. వెనుక కోణాలను సరిచేయలేకపోయినా, ఎడమ కుడి చక్రాల మధ్య తేడా ఎంతో ఆ కాగితం చెబుతుంది. తేడా ఎక్కువగా ఉంటే చేయి వంగి ఉండవచ్చు, బ్రాకెట్టు తప్పు వైపు బిగించి ఉండవచ్చు, లేదా ఎప్పుడో జరిగిన ప్రమాదంలో బాడీ పక్కకు జరిగి ఉండవచ్చు. వెతకడం ఆ క్రమంలోనే మొదలుపెట్టాలి.